తొమ్మిదో బావి దగ్గర

1985 సెప్టెంబర్ 3, మంగళవారం

ఈ ఉదయం ఎనిమిది గంటలకి పదిహేడు బావులూ ట్రైబ్ చేతికి వచ్చాయి.

పాత కంపెనీ లీజు నిన్నటితో తీరిపోయింది. ఇరవై ఏడేళ్లు వాళ్లు తోడుకున్న చమురు బావులివి. ఇకనుంచి టూ రాక్స్ ఎనర్జీవి, అంటే తరతరాలుగా ఈ నేల మీద ఉన్న అమెరికన్ ఇండియన్లు నవహోల సొంత కంపెనీవి. ఇన్నాళ్లూ తమ నేలలోంచి తీసిన చమురులో వాళ్లకి వాటా అని కొంత పడేసేవారు. "ఇప్పుడు బావి మాది, పంపు మాది, తప్పు చేస్తే ఆ తప్పు కూడా మాదే," అంది లొరెయిన్. లొరెయిన్ మెనీగోట్స్ మా జనరల్ మేనేజరు. ఇంకా నలభై రాలేదు. ఉపన్యాసం ఇవ్వలేదు. గేటు మీద పాత బోర్డు విప్పించి, కొత్త బోర్డు తనే ఎక్కి బిగించింది. పానా ఎవరు అందుకోబోయినా ఇవ్వలేదు.

ఆల్బర్ట్ ఎట్సిటీ నా పక్కన నిలబడి టోపీ తీశాడు. బావులు తిరిగి చూసుకునే పంపర్లలో అందరికంటే పెద్దవాడు, యాభై ఆరేళ్లు. పంపు చప్పుడు విని లోపల ఏ రాడ్డు అరిగిందో చెబుతాడు. "ఈ పంపులకి కరెంటు తీగలు మా అమ్మ ఇంటి మీదుగా పోతాయి కుమార్. ఆవిడ ఇప్పటికీ కిరసనాయిలు దీపమే వెలిగిస్తుంది," అన్నాడు. కోపంగా అనలేదు. రేపు గాలి ఎటు వీస్తుందో చెప్పినట్టు చెప్పాడు.

పాత కంపెనీలో నేను తొమ్మిదేళ్లు ఇంజనీరుని. లొరెయిన్ అడగగానే ఇటు వచ్చేశాను. మా ఫోర్‌మన్ డేల్ క్రాఫ్ట్‌ని ఎవరూ అడగలేదు. అతను ఇవాళ ఆఖరిసారి గేటు దాటుతూ తన పచ్చ పికప్ ఆపి, అద్దం దించాడు. "నీకేం కుమార్, నువ్వూ ఇండియన్‌వేగా. ఏ ఇండియనైతే ఏం!" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నా భార్య విమలకి ఆపరేషన్ అయినప్పుడు వాళ్లావిడ కెరోల్ పది రోజులు మాకు వండి తెచ్చింది. నేనూ నవ్వాను.

ఇక్కడ ఇంజనీరుని నేనొక్కణ్ణే. నేను లేకపోతే నెల తిరగకుండా పదిహేడూ ఆగిపోతాయి. ఆ మాట తలుచుకుంటే భయంగానూ ఉంది, బాగానూ ఉంది.

సెప్టెంబర్ 11

ఇంటి ముందు పెట్టిన కారు అద్దం పగలగొట్టారు. దారిలో లారీ చక్రం కిందినుంచి రాయి ఎగిరిందని విమలతో చెప్పాను.

సెప్టెంబర్ 20

తొమ్మిదో బావి ట్యాంకుని కాల్చారు. ఏడు తూటాలు. మేం వెళ్లేసరికి ఏడు చిల్లుల్లోంచీ చమురు ధారగా వాగులోకి పోతోంది. వాగులో ఆల్బర్ట్ తల్లి గొర్రెలు నాలుగు దిగబడి ఉన్నాయి. నల్లగా, మెడలు మాత్రం పైకెత్తి. అరవలేకపోతున్నాయి, నోటి నిండా చమురు.

ఆల్బర్ట్ ముందు చిల్లులు చూశాడు. జూనిపర్ చెట్టు కొమ్మ విరిచి, చాకుతో మేకుల్లా చెక్కి, గుడ్డ చుట్టి ఒక్కొక్కటే దిగ్గొట్టాడు. ధారలు ఆగాక వాగులోకి దిగి, అదే చాకుతో నాలుగు గొర్రెల గొంతులూ కోశాడు. ఒక్కోదాని చెవి దగ్గర ఏదో చెప్పి కోశాడు. తర్వాత ఇద్దరం సాయంత్రం దాకా ఇసుక పోశాం.

"ఎవరో తెలుసా?" అని అడిగాను.

"తెలిస్తే ఏం చేస్తావు?" అన్నాడు.

నేను హింసకి వ్యతిరేకిని. మా నాన్న నర్సాపురం క్రైస్తవ సంఘంలో ముప్పై ఏళ్లు పెద్దగా ఉన్నాడు, ఎవరి మీదా చెయ్యెత్తిన మనిషి కాదు. నేనూ అంతే.

అక్టోబర్ 5, శనివారం

పైపు అతుకుల్లో వేసే గాస్కెట్ల కోసం ఆల్బర్ట్‌తో ఊళ్లో హార్డ్‌వేర్ షాపుకి వెళ్లాను. బయట పార్కింగ్‌లో ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒకడు గ్లెన్, కెరోల్ తమ్ముడు. డేల్ కింద పనిచేసేవాడు, అతని ఉద్యోగమూ పోయింది. మిగతా ఇద్దరు ఎవరో తెలియదు.

వాళ్లు వచ్చింది నా కోసం. "మా పని ఎత్తుకెళ్లి వీళ్లకి అమ్మావు కదరా," అని గ్లెన్ నా కాలర్ పట్టుకున్నాడు. ఆల్బర్ట్ మధ్యలోకి వచ్చాడు. "కుమార్, ట్రక్ స్టార్ట్ చెయ్," అన్నాడు. అందుకే నేను ట్రక్కు ఎక్కాను, స్టార్ట్ చేయడానికి. ఈలోపు ఆల్బర్ట్‌ని కింద పడేశారు. బూట్లతో తన్నారు. ముఖం మీద, పక్కటెముకల మీద. అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను, దిగబోతున్నాను, దిగేలోపే అయిపోయింది. షాపువాడు బయటికి వచ్చి అరిస్తే వెళ్లిపోయారు.

విమల పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్లాను. పదకొండు కుట్లు పడ్డాయి. కుట్టేంతసేపూ విమల అతని తల పట్టుకుంది. ఇంటికొచ్చాక, "మీకు ఒక్క గీత కూడా పడలేదు, దేవుడికి స్తోత్రం," అంది.

అక్టోబర్ 6

ఆ ట్రక్కు తలుపు లాక్ దానంతటది పడదు. బొటనవేలితో నొక్కాలి.

అక్టోబర్ 26, శనివారం

ఆల్బర్ట్ పోయాడు.

పొద్దున పది గంటలకి నేను నాలుగో బావి దగ్గర ఉన్నాను. తొమ్మిదో బావి వైపునుంచి తుపాకీ మోత వినిపించింది. ఒకటి. కాసేపాగి ఇంకొకటి. మళ్లీ ట్యాంకు మీద పడ్డారనుకున్నాను. దిబ్బ మీదికి ఎక్కి చూస్తే దుమ్ము రేపుకుంటూ పచ్చ పికప్ తారు రోడ్డు వైపు పోతోంది. డేల్ పికప్. తొమ్మిదేళ్లు రోజూ చూసిన బండి.

నేను వెళ్లేసరికి ఆల్బర్ట్ ట్యాంకుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అలసి కూర్చున్నాడనే అనుకున్నాను. దగ్గరికెళ్తే మెడ కింద రంధ్రం. నా చొక్కా విప్పి అదిమాను, అది నిండిపోయింది, అరచేతులతో అదిమాను. వేళ్ల మధ్యనుంచి వేడిగా వస్తూనే ఉంది. ఏదో చెప్పబోయాడు, మాటకి బదులు బుడగలు వచ్చాయి. నన్ను చూడలేదు. నా భుజం మీదుగా పంపుని చూశాడు. అది పైకీ కిందికీ ఆడుతూనే ఉంది. దాన్ని ఆపాలని కూడా నాకు తోచలేదు.

లొరెయిన్ వచ్చింది, ట్రైబ్ పోలీసులు వచ్చారు. అప్పటినుంచీ ఎవరూ అతని పేరు ఎత్తలేదు. నవహోలు పోయినవాళ్ల పేరు పలకరట. నేను మాత్రం ఇక్కడ రాస్తున్నాను. ఆల్బర్ట్. ఆల్బర్ట్. ఆల్బర్ట్.

అక్టోబర్ 27

ప్రార్థనకి కూర్చున్నాం. విమల ముగించింది. నాకు ఆమెన్ రాలేదు.

నవంబర్ 2

ఫెడరల్ ఏజెంటు వచ్చాడు. నవహో నేల మీద నవహోని చంపితే కేసు ఫెడరల్ వాళ్లదే, అంటే కేంద్ర ప్రభుత్వానిదే. జింకల సీజన్ కదా, ఎవరో వేటగాడి గుండు దారి తప్పి ఉంటుందన్నాడు.

"రెండు గుండ్లు దారి తప్పాయా?" అన్నాను. "నేను పచ్చ పికప్ చూశాను. డేల్ క్రాఫ్ట్‌ది."

"నంబరు చూశావా?"

"అంత దూరంనుంచి నంబరు ఎలా కనిపిస్తుంది?"

"మిస్టర్ దేవకుమార్, ఈ కౌంటీలో సగం పికప్‌లు పచ్చవే," అని పుస్తకం మూసేశాడు.

అతను పోయాక పనులు ఆపేద్దామా అని లొరెయిన్‌ని అడిగాను. తల అడ్డంగా ఊపింది. "డిసెంబర్ పద్దెనిమిదిన ప్రభుత్వం వాళ్ల ఇన్‌స్పెక్షన్. వీళ్లకి నడపడం చేతకాదని రాయడానికి వాళ్లు పెన్ను మూత తీసి రెడీగా కూర్చున్నారు. ఒక్క బావి కూడా ఆగకూడదు." తర్వాత ఆల్బర్ట్ ట్రక్కు తాళాలు నా చేతిలో పెట్టింది. అతని బావులు ఇకనుంచి నావి.

ట్రక్కులో అతని పనిముట్లు అలాగే ఉన్నాయి. పైపు పానా ఒకటి, చేయంత పొడుగు. ఎవరూ ఎత్తుకుపోకుండా పిడికి పసుపు రంగు వేసుకున్నాడు.

నవంబర్ 12

ఊళ్లో దాణా కొట్టులో విల్సన్ డేల్ గొంతు పట్టుకున్నాడట. విల్సన్ ఆల్బర్ట్ తమ్ముడు, మా దగ్గరే వెల్డరు. పదిమంది ఎదుట "నిన్ను చంపుతా," అన్నాడట. డేల్ తిరిగి ఒక్క మాట అనలేదట, చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డాడట. అందరూ కలిసి విడదీశారు.

సాయంత్రం షెడ్డులో విల్సన్‌ని మందలించబోయాను. ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా ఓపిక పట్టమన్నాను. అతను ముఖం మీది కవచం పైకెత్తి నన్ను చూశాడు.

"మా అన్నని తన్నుతుంటే నువ్వు తలుపు లాక్ చేసుకుని కూర్చున్నావట కదా."

"ఎవరు చెప్పారు?"

"మా అన్నే చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు. కుమార్ మంచివాడు, కానీ పిరికివాడు అన్నాడు."

కవచం దించుకుని పని చేసుకున్నాడు.

నవంబర్ 19, మంగళవారం

తొమ్మిదో బావికి వెళ్లాను. డేల్ అక్కడ ఉన్నాడు. మాటా మాటా అనుకున్నాం. వచ్చేశాను.

ట్రక్కు కడిగాను.

నవంబర్ 20

విమల డ్యూటీనుంచి వచ్చి చెప్పింది. నిన్న మధ్యాహ్నం చమురు లారీ డ్రైవరు తొమ్మిదో బావి దగ్గర డేల్‌ని చూసి ఆసుపత్రికి తెచ్చాడట. తల పగిలింది. బతికే ఉన్నాడు, స్పృహ లేదు. కుడి చేయి మణికట్టు దగ్గర రెండుగా విరిగింది.

అక్కడ నేలంతా మంచు గడ్డకట్టి ఉంది. జారి ఉంటాడు. పంపు కింద కాంక్రీటు దిమ్మె అంచు కత్తిలా ఉంటుంది.

నవంబర్ 21

నేను తోశాను. ఉన్నదున్నట్టు రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను. ఒక్క తోపు. జారి పడ్డాడు.

నవంబర్ 23

విల్సన్‌ని అరెస్టు చేశారు.

వాగులో పసుపు పిడి పానా దొరికింది. అది ఎవరిదో ఇక్కడ అందరికీ తెలుసు. అన్న పానా, తమ్ముడి కోపం, దాణా కొట్టులో పదిమంది సాక్షులు. ఆ మధ్యాహ్నం విల్సన్ ఒక్కడే షెడ్డులో వెల్డింగ్ చేసుకుంటున్నాడు, చూసినవాళ్లు లేరు. చేతులు వెనక్కి విరిచి పట్టుకుని, తలని కారు అంచుకి కొట్టి లోపలికి తోశారు. కనుబొమ చిట్లింది. నేను ఆఫీసు కిటికీలోంచి చూశాను.

నవంబర్ 24

నెమ్మదిగా ఆలోచించాలి.

ఇన్‌స్పెక్షన్‌కి ఇరవై నాలుగు రోజులు ఉంది. కాగితాల మీద ఇంజనీరుగా సంతకం నాది. నేనిప్పుడు నోరు విప్పితే "ట్రైబ్ కంపెనీ ఇంజనీరు మనిషి తల పగలగొట్టాడు" అని పేపర్లో వస్తుంది. బావులు నడిపే అనుమతి పోతుంది. నూటపది మంది ఉద్యోగాలు, ఆల్బర్ట్ తల్లి ఇంటికి రావాల్సిన కరెంటు, అన్నీ పోతాయి. ఆల్బర్ట్ ప్రాణం పెట్టింది దీనికోసమే. విల్సన్ చేయలేదు కాబట్టి విల్సన్ మీద రుజువు కాదు. డిసెంబర్ పద్దెనిమిది దాటనీ, అప్పుడు చెబుతాను. ఇది పిరికితనం కాదు, బాధ్యత.

నవంబర్ 29

టెక్సస్‌లోని ప్లేనోనుంచి జగదీష్ ఫోన్ చేశాడు, అక్కడ ఒక చమురు కంపెనీలో పనిచేస్తున్నాడు. కాకినాడలో ఇద్దరం ఒకే గదిలో ఉండి చదువుకున్నాం.

"ఒరేయ్ దేవా, ఆ ఎడారిలో ఏం చేస్తున్నావురా? ఇక్కడికి వచ్చెయ్. ఆదివారం పదిహేను తెలుగు కుటుంబాలం కలిసి వర్షిప్ చేసుకుంటున్నాం. నీ రెజ్యూమే పంపు, మా బాస్‌తో మాట్లాడతా."

"ఇక్కడ నన్ను వదలరురా. నేను లేకపోతే వీళ్లకి కష్టం," అన్నాను.

ఫోన్ పెట్టాక చూసుకున్నాను. కుడి చేయి పిడికిలి బిగిసే ఉంది. ఈమధ్య నిద్ర లేచేసరికి కూడా అలాగే ఉంటోంది. వేళ్లు ఒక్కొక్కటీ ఎడం చేత్తో విప్పుకోవాలి.

డిసెంబర్ 4

రెండుసార్లు కొట్టాను.

డిసెంబర్ 8, ఆదివారం

మధ్యాహ్నం అన్నాలయ్యాక విమల కంచాలు తీయలేదు. ఎదురుగా కూర్చుంది.

"ఏవండీ, డేల్ కళ్లు తెరిచాడు. మాట రావట్లేదు. మనుషుల్ని గుర్తుపడుతున్నాడు."

"మంచిదే," అన్నాను.

"నిన్న కెరోల్ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ రోజు డేల్ ఎందుకు వెళ్లాడో చెప్పింది. మీతో మాట్లాడటానికట. ఆల్బర్ట్‌గారిని కాల్చింది గ్లెన్. బండి డేల్‌ది, నడిపింది కూడా డేలే. ట్యాంకు మీద రెండు గుండ్లు కాల్చి వచ్చేద్దామని వెళ్లారట. మొదటి గుండుకి ట్యాంకు వెనకనుంచి మనిషి ఇవతలికి వచ్చాడు. రెండోది గ్లెన్ కావాలనే కాల్చాడు. అప్పటినుంచీ డేల్ తిండి మానేశాడట. ఫెడరల్ వాళ్ల దగ్గరికి ఒంటరిగా వెళ్లలేను, కుమార్‌ని తోడు తీసుకెళ్తా, అతనికి ముందు చెబుతా అని బయలుదేరాడట. సొంత తమ్ముడు కదండీ, అందుకే ఆవిడ ఇన్నాళ్లూ నోరు నొక్కుకుంది."

నేను గ్లాసులో మిగిలిన నీళ్లు తాగాను.

"మరి మీకు చెప్పాడా?" అంది.

"ఏం చెప్పలేదు. నేను అతన్ని చూడనేలేదు."

విమల కంచాలు ఒకదాని మీద ఒకటి పెట్టింది. లేచి నిలబడి అంది: "డేల్ పడిన రోజు మీ చొక్కా నేనే ఉతికాను. చన్నీళ్లలో నానబెట్టి ఉతికాను. చమురు మరకని ఎవరూ చన్నీళ్లలో నానబెట్టరండీ, నెత్తుటి మరకనే. పందొమ్మిదేళ్లనుంచీ నర్సుని."

డిసెంబర్ 13, శుక్రవారం

ఇప్పుడు మొత్తం రాస్తాను.

నవంబర్ పందొమ్మిదిన, పన్నెండు దాటాక, నేను తొమ్మిదో బావి దగ్గర ట్రక్కు ఆపేసరికి డేల్ ట్యాంకు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆల్బర్ట్ కూర్చున్న చోటే. పికప్ దూరంగా పెట్టి నడిచి వచ్చాడు. చేతిలో తుపాకీ లేదు. చేతిలో ఏమీ లేదు, టోపీ ఉంది. నన్ను చూసి, "కుమార్, ముందు నా మాట విను," అన్నాడు. విన్నాను. ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది.

నేను సీటు వెనకనుంచి పానా తీశాను. నాలుగు పానాలున్నాయి, పసుపుదే తీశాను. నడుచుకుంటూ వెళ్లాను, పరిగెత్తలేదు. అతను పానాని చూశాడు, కదల్లేదు. "నేను చెప్పడానికే వచ్చా," అన్నాడు.

మొదటిది నిలబడి ఉండగా కొట్టాను, చెవి పైన. అతను మోకాళ్ల మీద పడ్డాడు, ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నవాడిలా నేలని తడుముకున్నాడు. రెండోది అప్పుడు. పుచ్చకాయ చప్పుడు వచ్చింది. మూడోదానికి చేయి అడ్డం పెట్టాడు. చేయి విరిగిందని తెలిసి కూడా నేను పానా పైకెత్తాను. నాలుగోది కొట్టకపోవడానికి కారణం జాలి కాదు. చెమటకి పిడి జారింది.

నాకు బాగుంది. ఇది రాయకుండా ఇన్ని రోజులు తిరిగాను. కొడుతున్నంతసేపూ నాకు హాయిగా ఉంది. పార్కింగ్‌లో కూర్చున్న మనిషి నాలోంచి పోయినట్టు ఉంది.

తర్వాత పానా వాగులోకి విసిరాను. అతను ఊపిరి తీస్తున్నాడు. దగ్గర్లో ఫోను ఉన్న ఇల్లు మూడు మైళ్లు. ఆ ఇంటి ముందునుంచే వచ్చాను, ఆగలేదు.

విల్సన్ జైలుకి వెళ్లి ఇరవై రోజులు.

డిసెంబర్ 16, సోమవారం, కౌంటీ జైలు

ఈ నోటుపుస్తకం తెచ్చుకోనిచ్చారు, పెన్ను ఇవ్వలేదు. పెన్సిల్ ముక్క.

పొద్దున లొరెయిన్ గదికి వెళ్లి తలుపు వేశాను. నిలబడే చెప్పాను. మూడు దెబ్బలు అని చెప్పాను. విల్సన్ కాదు, నేను అని చెప్పాను. ఇన్‌స్పెక్షన్ రెండు రోజుల్లో ఉందని కూడా నేనే గుర్తు చేశాను. ఎందుకు గుర్తు చేశానో నాకు తెలుసు. ఆగమని ఆవిడ అంటుందని.

"ఇంకెవరికి తెలుసు?" అని అడిగింది.

"నా భార్యకి."

కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. బయట పంపు ఆడుతోంది. ఆవిడ లెక్క వేసుకుంటోందని నాకు అర్థమైంది. నాలో ఆశ పుట్టింది. సిగ్గు లేకుండా పుట్టింది.

వెనక్కి తిరిగింది. బల్ల మీది పేపర్‌వెయిట్ తీసి గోడకేసి కొట్టింది. నా తల పక్కనుంచి పోయి, గోడ మీది మ్యాపు అద్దాన్ని పగలగొట్టింది.

"ఇరవై మూడు రోజులు! విల్సన్ తల్లి రోజూ వచ్చి ఆ బెంచీ మీద కూర్చుంటోంది. ఒక కొడుకు మట్టిలో, ఒక కొడుకు జైల్లో. నువ్వు ఆవిడ ముందునుంచే కాఫీ పట్టుకుని నడిచావు."

"కంపెనీ కోసమే..."

"నా కంపెనీ పేరెత్తకు. మేం దీన్ని ఎవరి దయా లేకుండా బతకడానికి పెట్టుకున్నాం. నువ్వు దాక్కోవడానికి కాదు." కోటు వేసుకుంది. "పద. నేను డ్రైవ్ చేస్తాను."

జైలు మెట్ల దాకా నా పక్కనే నడిచింది.

జైల్లో నన్ను ఎవరు తీసుకోవాలో తేల్చడానికి గంట పట్టింది. నవహో నేల మీద ఇండియన్ నేరం చేస్తే ఫెడరల్ కేసు, విల్సన్‌ని ఈ జైల్లో ఉంచింది కూడా వాళ్లే. నేను ఇండియన్నే, కానీ వాళ్లనుకునే ఇండియన్ని కాదు. నేనూ డేలూ ఇద్దరం బయటివాళ్లమే కాబట్టి కౌంటీ కేసు అని చివరికి తేల్చారు.

నన్ను లోపలికి తీసుకెళ్తుంటే ఎదురుగా విల్సన్‌ని బయటికి తెస్తున్నారు. సన్నబడ్డాడు. కనుబొమ దగ్గర గాయం మానలేదు. లొరెయిన్ అతనికి వాళ్ల భాషలో నాలుగు ముక్కలు చెప్పింది. అతను విన్నాడు. డిప్యూటీ పోలీసు అతని చేయి పట్టుకునేలోపే నా ముఖం మీద గుద్దాడు. ఒక పన్ను ఊడింది, ఇంకోటి కదిలింది. కింద పడ్డాను. ఎవరూ వెంటనే లేపలేదు. నేనూ లేవలేదు.

డిసెంబర్ 17

విమల వచ్చింది. జాలీ అవతల కూర్చుంది. పెదవి చూసి, ఉప్పునీళ్లతో పుక్కిలించమంది. కెరోల్ తమ్ముడి పేరు చెప్పేసిందట. డేల్ ఎడం చేత్తో వంకర అక్షరాలతో "గ్లెన్" అని రాసి, కింద "నేను నడిపాను" అని రాశాడట. ఇద్దరి మీదా కేసు పెడుతున్నారు.

"నువ్వు ముందే ఎందుకు చెప్పలేదు విమలా, నీకు తెలిసినప్పుడు?" అన్నాను.

"చెబుతారని చూశాను," అంది. "రోజూ చూశాను. చొక్కా ఆరేసిన రోజునుంచీ. నేనూ పాపం చేశాను, విల్సన్ తల్లి దగ్గరికి వెళ్లి కాళ్లు పట్టుకుని వచ్చాను. ఆవిడ గొర్రెలకి నీళ్లు పెట్టాలి, లెమ్మంది."

డిసెంబర్ 18

ఇవాళ ఇన్‌స్పెక్షన్. పదిహేడు బావులూ కళ్లముందు తిరుగుతున్నాయి. మూడో బావి హీటర్ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. పన్నెండో బావిలో ప్రెషర్ గేజ్ తప్పు చూపిస్తుంది. ఎవరినైనా పంపమని, ఒక్క పావుగంట చాలని జైలరుని అడిగాను. అతను నవ్వాడు.

1986 మార్చి 9, ఆదివారం

నేరం ఒప్పుకున్నాను. ఐదేళ్ల దాకా శిక్ష పడింది. కోర్టులో డేల్ వీల్‌చెయిర్‌లో వచ్చాడు. కుడి చేయి ఒడిలో పడి ఉంది, అతనిది కానట్టు. ఎన్ని దెబ్బలని జడ్జి అడిగితే మూడు అని చెప్పాను. డేల్ నన్ను చూశాడు. అతని నోరు కదిలింది, ఏం రాలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇవాళ విల్సన్ వచ్చాడు. అతను వస్తాడని అనుకోలేదు. జాలీ అవతల టోపీ తీయకుండా కూర్చున్నాడు. ఇప్పుడు అన్న బావులు తనే చూస్తున్నాడట, పసుపు పానా కోర్టువాళ్ల దగ్గరే ఉండిపోయింది.

"ఇన్‌స్పెక్షన్ ఏమైంది?" అని అడిగాను. మూడు నెలలుగా ఎవరినీ అడగడానికి ధైర్యం రాని ప్రశ్న.

"పాస్ అయ్యాం."

"మూడో బావి హీటర్?"

"లొరెయిన్ విప్పింది. నేను వెల్డ్ చేశాను. బర్నర్ దగ్గర పగులుంది, దాన్ని నువ్వు రెండేళ్లుగా రేకు చుట్టి నెట్టుకొచ్చావు."

"పన్నెండో దాంట్లో గేజ్ తప్పు చూపిస్తుంది..."

"మార్చేశాం."

"ఆయిల్ రేటు సగానికి పడిపోయిందట కదా. టెక్సస్‌లో నా స్నేహితుడు జగదీష్‌ని కూడా ఉద్యోగంలోంచి తీసేశారట. మీరు ఎలా..."

"మేం ఎవరినీ తీసేయలేదు. అందరం తక్కువ గంటలు చేస్తున్నాం. మా అమ్మ ఇంటికి ఈ నెల కరెంటు స్తంభాలు వేస్తున్నారు." లేచాడు. "నువ్వు పోయినప్పటినుంచి ఒక్క బావి ఒక్క రోజు కూడా ఆగలేదు. అది చెప్పడానికే అరవై మైళ్లు వచ్చాను."

వెళ్లిపోయాడు. వెనక్కి తిరగలేదు.

చాలా సంతోషం వేసింది.

లేదు. ముందు సంతోషం వేయలేదు. ఒక్కటైనా ఆగి ఉండాల్సింది అనిపించింది, ఒక్కటి, ఒక్క పూటైనా, నేను లేనందుకు. ఆ తర్వాత చాలాసేపటికి, మధ్యాహ్నం భోజనం గంట కొట్టాక, ఆ పదిహేడూ ఆడుతున్నాయన్న మాట మెల్లగా లోపలికి దిగింది. అప్పుడు వేసింది సంతోషం. కొంచెమే. కానీ అది అబద్ధం కాదు.